సభలో ఎవరి మనిషి కూర్చోవాలి? యూరోపియన్ యూనియన్ పదవులపై పర్చూరు సంవాదం

అనేక జాతులు, అనేక భాషలు, అనేక ప్రభుత్వాలు కలిసి ఒకే రాజకీయ సమాఖ్యగా ఏర్పడినప్పుడు ఆ సమాఖ్యను నడిపే సంస్థలలో ఎవరు కూర్చోవాలి, కూర్చున్నవారు తమను పంపిన నేలకు బద్ధులై ఉండాలా లేక సమాఖ్య మొత్తానికి బద్ధులై ఉండాలా అనే ప్రశ్నకు గత డెబ్బై ఏళ్లలో యూరప్ ఒక దారిలోనూ, భారతదేశం మరొక దారిలోనూ సమాధానం వెతుక్కున్నాయి. పర్చూరుకు ఇది దూరపు విషయం కాదు. 1970 వరకు గుంటూరు జిల్లాలోనూ, ఆ తర్వాత ప్రకాశం జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోనూ ఉన్న ఈ ప్రాంతపు నల్లరేగడిలో పండిన మిరప గుంటూరు మార్కెట్ యార్డు మీదుగా ఓడ ఎక్కి యూరప్ రేవుకు చేరినప్పుడు, దాన్ని దించుకోవాలో తిప్పి పంపాలో తేల్చేది 27 దేశాల యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధనే. ఆ నిబంధన రాసేవారిని ఎవరు నియమిస్తారు, వారు ఎవరికి జవాబుదారులు అన్నది కాబట్టి ఇక్కడి రైతు అడగవలసిన ప్రశ్న కూడా.

కింది సంవాదంలోని వక్తలు ఇద్దరూ కల్పితులు. ఒకరు కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడు. మరొకరు పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు గ్రామాల్లో మిరప కొని ఎగుమతిదారులకు సరఫరా చేసే వ్యాపారి, వయసులో చిన్నవాడు. సంస్థల నిర్మాణంలో ప్రతి జాతికీ తన మనిషి ఉండి తీరాలన్నది మొదటివారి పక్షం. ఆ లెక్కలే సంస్థల సామర్థ్యాన్ని తినేస్తాయన్నది రెండోవారి పక్షం.

అధ్యాపకుడు: ముందు సంస్థల సంగతి సరిగా చూడు అబ్బాయ్. యూనియన్‌లో చట్టాన్ని ప్రతిపాదించే అధికారం దాదాపుగా ఒక్క యూరోపియన్ కమిషన్‌దే. బ్రస్సెల్స్‌లో ఉన్న ఆ కమిషన్‌లో సభ్యదేశానికి ఒకరు చొప్పున 27 మంది కమిషనర్లు ఉంటారు. మన కేంద్ర మంత్రివర్గం లాగా ఒక్కొక్కరికి ఒక్కో శాఖ ఉంటుంది. 2019 డిసెంబర్ నుంచి జర్మనీకి చెందిన ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ దానికి అధ్యక్షురాలు. దేశాధినేతలు, ప్రధానమంత్రులు కూర్చుని పెద్ద దిశలు నిర్ణయించే యూరోపియన్ కౌన్సిల్ వేరు, దానికి 2024 డిసెంబర్ నుంచి పోర్చుగల్ మాజీ ప్రధాని ఆంటోనియో కోస్టా అధ్యక్షుడు. ఆయా శాఖల మంత్రులు కూర్చునే మంత్రుల కౌన్సిల్ ఇంకొకటి, దాని అధ్యక్షత ఆరు నెలలకొకసారి దేశం నుంచి దేశానికి మారుతుంది. ప్రజలు నేరుగా ఎన్నుకునే 720 మంది సభ్యుల పార్లమెంటు, ఈ మంత్రుల కౌన్సిల్ కలిసి చట్టాన్ని ఆమోదిస్తాయి. లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానంలో దేశానికొక న్యాయమూర్తి, లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టులో దేశానికొక సభ్యుడు ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకున్న దేశాలు ఒకే చట్టానికి తల వంచుతున్నాయంటే, చట్టం తయారైన ప్రతి గదిలోనూ తమ మనిషి ఉన్నాడన్న భరోసాయే కారణం.

వ్యాపారి: భరోసా సంగతి సరే మాస్టారూ, ఆ మనిషి అక్కడ కూర్చుని చేసేదేమిటన్నది కూడా చూడాలి కదా. కమిషనర్ ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోరాదని, ఏ ప్రభుత్వాన్నీ అడగరాదని యూనియన్ ఒప్పందంలోనే రాసుకున్నారు. తన దేశం కోసం మాట్లాడకూడని మనిషిని దేశానికొకరు చొప్పున ఎందుకు పంపాలి? 27 మందిని కూర్చోబెట్టాలి కాబట్టి 27 శాఖలు పుట్టించవలసి వచ్చింది; ఒకే పనిని ముక్కలు చేసి పంచవలసి వచ్చింది. ఇది వాళ్లకూ తెలుసు. 2014 నవంబర్ నుంచి కమిషనర్ల సంఖ్యను సభ్యదేశాల సంఖ్యలో మూడింట రెండు వంతులకు తగ్గించాలని, యూనియన్ నిర్మాణాన్ని సవరించిన లిస్బన్ ఒప్పందంలో రాసుకున్నారు. తీరా 2008 జూన్‌లో ఐర్లండ్ ప్రజలు ఆ ఒప్పందాన్ని ఓటుతో తిప్పికొట్టేసరికి, వాళ్లను రెండోసారి ఓటుకు ఒప్పించడం కోసం దేశానికొక కమిషనర్ పద్ధతిని యథాతథంగా ఉంచుతామని మాట ఇచ్చారు. అవసరమని తెలిసిన సంస్కరణను కుర్చీ కోసం వదులుకున్నారు.

అధ్యాపకుడు: ఐర్లండ్ జనాభా సుమారు 50 లక్షలు, జర్మనీ జనాభా 8 కోట్ల పైన. మూడింట రెండు వంతుల కమిషన్ ఏర్పడితే వంతుల ప్రకారం ఏదో ఒక అయిదేళ్లు జర్మనీకీ కుర్చీ ఉండదు, ఐర్లండ్‌కీ ఉండదు. కాని కుర్చీ లేని జర్మనీ మాటను బ్రస్సెల్స్‌లో ఎవరూ తోసిపుచ్చలేరు, కుర్చీ లేని ఐర్లండ్ మాట వినిపించదు. పార్లమెంటులోనూ ఇదే న్యాయం పాటించారు. జర్మనీకి 96 మంది సభ్యులుంటే, సుమారు 5 లక్షల జనాభా ఉన్న మాల్టాకు ఆరుగురున్నారు. తలల లెక్క వేస్తే మాల్టాకు ఒక్కరు కూడా దక్కరు. చిన్నవాడికి లెక్కకు మించి చోటు ఇవ్వడం సమాఖ్య కట్టవలసిన ధర.

వ్యాపారి: ఆ ధర ఎవరు కడుతున్నారన్నదే ప్రశ్న. ప్రస్తుత కమిషన్‌లో ఆరోగ్యం, ఆహార భద్రత చూసే కమిషనర్ హంగేరీకి చెందిన ఓలివేర్ వార్హెయి. ఆ కుర్చీలో హంగేరీ మనిషి ఉన్నా, గ్రీసు మనిషి ఉన్నా, పర్చూరు మిరపకు వర్తించే అంకె మారదు. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని పురుగుమందు అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే ఒక టన్ను సరుకు మొత్తంలో 10 మిల్లీగ్రాములు. బూజు నుంచి పుట్టే విషపదార్థమైన అఫ్లటాక్సిన్‌లో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదు. కళ్లంలో కాయ ఆరబోసిన రాత్రి అకాల వర్షం పడి, పట్టాలు కప్పడం ఆలస్యమైతే చాలు, పైకి ఎర్రగానే కనిపించే కాయలో ఆ అంకె దాటిపోతుంది. తాలుకాయ ఏరి పారేసి టిక్కీలు, అంటే బస్తాలు, కట్టినా ప్రయోగశాల యంత్రానికి అది తెలిసిపోతుంది. యంత్రం జాతి అడగదు. అటువంటి చోట పదవిలో ఉన్నవాడి జాతితో పనేమిటి?

ఇక్కడ వక్తలిద్దరూ మాట్లాడుతున్నది ఒకే సంస్థ గురించి కాదన్నది పాఠకుడు గమనించాలి. అధ్యాపకుని దృష్టి రాజకీయ నిర్ణయం జరిగే బల్లమీద ఉంటే, వ్యాపారి దృష్టి కొలత జరిగే బల్లమీద ఉంది. రెంటినీ విడదీయకుండా యూనియన్ పదవుల గురించి ఎంత వాదించినా తేలేది ఉండదు. అధ్యాపకుని తర్వాతి మాటలు ఆ విభజన దగ్గరికే వస్తాయి.

అధ్యాపకుడు: యంత్రం జాతి అడగదు, నిజమే, అయితే యంత్రానికి ఆ అంకె ఇచ్చింది ఎవరు? 2002లో ఏర్పడిన యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ ఇటలీలోని పార్మా నగరంలో పనిచేస్తున్నది. ఏ మందు ఎంత మోతాదులో మనిషికి హాని చేస్తుందో శాస్త్రజ్ఞులు అక్కడ అంచనా కడతారు, అంతవరకే వారి పని. ఆ అంచనాను నిబంధనగా మార్చే ముసాయిదాను కమిషన్‌లోని ఆరోగ్య, ఆహార భద్రతా విభాగపు ఉద్యోగులు రాస్తారు. ఆ ముసాయిదా సభ్యదేశాల ప్రతినిధులు కూర్చునే స్థాయీ సంఘం ముందుకు వెళ్తుంది. అక్కడ ఓటు గెలవాలంటే అర్హ మెజారిటీ అనే లెక్క దాటాలి. అంటే కనీసం 55 శాతం దేశాలు, ఇప్పటి లెక్కలో 15, ఒప్పుకోవాలి, ఆ దేశాల జనాభా యూనియన్ జనాభాలో కనీసం 65 శాతం ఉండాలి. పండించే దేశం ఒకటి, దిగుమతి చేసుకునే దేశం మరొకటి. మందు తయారు చేసే కంపెనీలున్న దేశం ఒకటి, వినియోగదారుల సంఘాలు బలంగా ఉన్న దేశం మరొకటి. నువ్వు శాస్త్రం అనుకుంటున్న అంకె వెనుక ఇంత బేరం ఉంది. బేరం జరిగే చోట ప్రతి పక్షానికీ మనిషి ఉండాలా వద్దా?

వ్యాపారి: బేరం జరిగే చోట ఉండవచ్చు. కాని పని జరిగింది బేరంవల్ల కాదు, బేరానికి అతీతంగా ఉండే ఉద్యోగులవల్ల. 2003 సంగతి యార్డులో ఇప్పటికీ పాతవాళ్లు చెప్పుకుంటారు. మైనానికి, పాలిష్‌కు వాడే సూడాన్ 1 అనే రంగు, క్యాన్సర్ కలిగించవచ్చని అనుమానమున్న రంగు, భారతదేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో దొరికిందని ఫ్రాన్స్ ఆ సంవత్సరం మే 9న మిగతా దేశాలకు తెలియజేసింది. సభ్యదేశాలన్నిటికీ ఒకేసారి సమాచారం చేరవేసే హెచ్చరిక వ్యవస్థ అప్పటికే ఉన్నందువల్ల విషయం రేవు నుంచి రేవుకు పాకింది. జూన్ 20న కమిషన్ అత్యవసర నిర్ణయం వెలువడింది. సూడాన్ 1 లేదని పరీక్షాపత్రం లేకుండా ఘాటు మిరప ఏ దేశపు రేవులోనూ దిగడానికి వీల్లేదన్నారు. ఆరు వారాల్లో అన్ని దేశాలకూ ఒకే మాట! ప్రతి దేశమూ తన మనిషితో తన లెక్క వేసుకుంటూ ఉంటే ఒక రేవులో చెల్లిన సరుకు ఇంకో రేవులో ఆగిపోయేది, రంగు కలిపినవాడు మెత్తని రేవు వెతుక్కుని తప్పించుకునేవాడు, రంగు కలపనివాడు వాడితోపాటు మునిగేవాడు. ఆ నిర్ణయం తర్వాతే భారత సుగంధద్రవ్యాల బోర్డు ఎగుమతికి ముందే మిరపను పరీక్షించడం తప్పనిసరి చేసింది. నిజాయితీగా వ్యాపారం చేసేవాడికి అది మేలే చేసింది.

అధ్యాపకుడు: ఆ ఉద్యోగుల సంగతికే వద్దాం. కమిషన్‌లో పనిచేసేవారు సుమారు 32,000 మంది. 27 దేశాల కోసం ఇది పెద్ద సంఖ్య కాదు. సరుకు తనిఖీలు, పన్నుల వసూలు వంటి క్షేత్రస్థాయి పనులన్నీ సభ్యదేశాల సొంత ఉద్యోగులే చేస్తారు. శాశ్వత ఉద్యోగులను మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ లాగా యూరోపియన్ ఎంపిక కార్యాలయం పోటీపరీక్షల ద్వారా ఎంపిక చేస్తుంది. అభ్యర్థి ఏదో ఒక సభ్యదేశపు పౌరుడై ఉండాలి. ఇవికాక దేశాలు తమ జీతంమీదే కొన్నేళ్లకు పంపే డిప్యుటేషన్ నిపుణులూ ఉంటారు. సేవా నిబంధనల 27వ అధికరణం ఒకే ఊపిరిలో రెండు మాటలు చెబుతుంది: నియామకాలు వీలైనంత విస్తృత భౌగోళిక ప్రాతిపదికన జరగాలి, అయితే ఏ పదవీ ఏ ఒక్క దేశస్థులకూ ప్రత్యేకించరాదు. చెప్పడం సులువే. పరీక్షల ప్రకటనలను మూడు భాషల్లో మాత్రమే ప్రచురించడాన్ని, అభ్యర్థి రెండో భాషను ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్‌లకు కుదించడాన్ని ఇటలీ సవాలు చేస్తే 2012 నవంబర్‌లో యూనియన్ న్యాయస్థానం ఇటలీ పక్షాన తీర్పు చెప్పింది. యూనియన్‌కు 24 అధికార భాషలున్నాయి. పోటీకి తలుపు మూడు భాషల్లోనే తెరిస్తే ఆ పోటీని సమానమైనదని ఎట్లా అనగలం?

వ్యాపారి: భాష తలుపు వెడల్పు చేయమనండి, అది న్యాయం. 1979 నుంచి సివిల్ సర్వీసుల పరీక్షను తెలుగులో కూడా రాయనిచ్చినందువల్ల పల్లెటూరి పిల్లలకు దారి దొరికింది. కుర్చీని జాతికి రాసివ్వడం మాత్రం వేరే సంగతి.

అధ్యాపకుడు: ఈ మాట ఆంధ్రప్రదేశ్‌లో నిలబడి అంటున్నావా! రెండు తెలుగు ప్రాంతాలు కలిసి 1956లో ఒకే రాష్ట్రమైనప్పుడు అన్నిటికంటే ఎక్కువ చిచ్చు పెట్టింది ఉద్యోగాలే కదా. పదిహేనేళ్లు స్థిరనివాసం ఉన్నవారికే ఉద్యోగమన్న పాత హైదరాబాద్ ముల్కీ నిబంధనలను కాపాడాలని 1969లో తెలంగాణ అట్టుడికింది. ఆ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పగానే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాలే ఉద్యోగాల దగ్గర అంత దూరం వెళ్తే, 24 భాషల యూనియన్ ఏ ధైర్యంతో ప్రాంతపు లెక్క వదిలేస్తుంది? చివరికి మనల్ని ఆ గండం దాటించింది 1973 సెప్టెంబర్ నాటి ఆరు సూత్రాల పథకం. దాని మీద రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చింది, 1975 అక్టోబర్‌లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రాన్ని జోన్లుగా విడగొట్టి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలను మూడో జోన్‌లో పెట్టారు.

వ్యాపారి: అదే ఉత్తర్వును ఇంకొంచెం లోతుగా చదివితే అది మీ పక్షాన నిలవదు మాస్టారూ. గుమాస్తా స్థాయి జిల్లా ఉద్యోగాల్లో 80 శాతం, జోన్ స్థాయి నాన్ గెజిటెడ్ ఉద్యోగాల్లో 70 శాతం, పేర్కొన్న కొన్ని గెజిటెడ్ ఉద్యోగాల్లో 60 శాతం స్థానికులకు. కింది మెట్టున ఎక్కువ, పై మెట్టుకు వెళ్లేకొద్దీ తక్కువ. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు ఆ లెక్కలోకే రావు. జనం రోజూ వెళ్లి నిలబడే బల్ల దగ్గర స్థానికుడు ఉండాలి, రాష్ట్రమంతటికీ నిర్ణయం చేసే చోట లెక్క సడలాలి అన్నది ఆ ఉత్తర్వు అంతరార్థం. యూరప్ దీన్ని తలకిందులు చేసి, పై మెట్టు మీద దేశానికో కుర్చీ వేసి, కింది మెట్టు మీద ఎవరికీ కోటా లేదన్నది. అయినా, ఆ పథకం మీరన్నట్టు గండం దాటించి ఉంటే 2014లో రాష్ట్రం రెండయ్యేది కాదు. అమలు సరిగా లేదని 1985లోనే 610 జీవో ఇవ్వవలసి వచ్చింది, అదీ కాగితంమీదే నలిగింది.

ఆరు సూత్రాల పథకంపై వ్యాపారి చదువు సరైనదే. ఆ పథకం గురించి తెలుగునాట జరిగిన చర్చల్లో ఈ మెట్ల సంగతికి దక్కవలసినంత చోటు దక్కలేదు. అయితే యూరప్ ఆ నిచ్చెనను తలకిందులు చేయడం పొరపాటన్నది మాత్రం ఒప్పుకోదగిన మాట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పై మెట్టున ఎన్నికైన శాసనసభ, మంత్రివర్గం ఉన్నాయి. ప్రాంతాల మాట అక్కడ వినబడాలి, ఉద్యోగుల ద్వారా కాదు. కమిషన్‌కు నేరుగా ప్రజలు ఓటు వేయరు. పార్లమెంటు అధ్యక్షురాలిని ఎన్నుకుంటుంది, కమిషనర్లను సంఘాల ముందు కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది, 2019లో ఫ్రాన్స్, హంగేరీ, రుమేనియా పంపిన పేర్లకు అడ్డం పడింది కూడా. 1999 మార్చిలో జాక్ సాంటేర్ నాయకత్వంలోని కమిషన్ మొత్తం, ఆర్థిక అక్రమాలపై నిపుణుల నివేదిక వచ్చినప్పుడు, రాజీనామా చేసింది. ఇన్ని కట్టుబాట్లున్నా సామాన్య పౌరుడికి కమిషన్ దూరంగానే ఉంటుంది కాబట్టి, తన భాషలో జవాబు చెప్పగల ఒక ముఖమైనా అందులో ఉండడం అనవసర ఆడంబరం కాదు. కమిషన్ విషయంలో అధ్యాపకునిది, ఉద్యోగుల విషయంలో వ్యాపారిది పైచేయి అని ఈ రచయిత తీర్పు. కాని ఇద్దరి వాదాలూ సంవాదం చివర్లో ఒకే గోడకు తగులుకున్నాయి.

వ్యాపారి: చట్టానికి లోబడేవాడికి చట్టం చేసే గదిలో చోటుండాలన్నది మీ సూత్రం. ఆ సూత్రం పర్చూరు రైతుకు వర్తిస్తుందా? క్లోర్‌పైరిఫాస్ మందుకు అనుమతి పొడిగించరాదని యూనియన్ 2020 జనవరిలో నిర్ణయించింది, అదే ఏడాది అవశేషాల పరిమితిని 0.01కి దించింది. ఆ మందు ఇక్కడ దుకాణంలో దొరుకుతూనే ఉంది. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను ఊడ్చిపెట్టినప్పుడు రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టారు. అటువంటి కాయ మీద నిర్ణయం చేసిన బ్రస్సెల్స్ గదిలో హంగేరీ మనిషి ఉన్నాడు, మాల్టా మనిషి ఉన్నాడు, మిరప పండించినవాడి మనిషి లేడు.

అధ్యాపకుడు: వాడు ఆ యూనియన్ పౌరుడు కాదు, కుర్చీ అడగలేడు. కాని అడగగలిగిన చోట్లు రెండున్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యులెవరైనా ఆహార నిబంధన మార్చబోతే ఆ సంస్థకు ముందుగా తెలియజేయాలి, ఇతర దేశాలు అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు. ఆ గడువులో మాట్లాడవలసింది భారత ప్రభుత్వం. రెండోది, కొచ్చిలో కేంద్ర కార్యాలయం, గుంటూరులో ప్రయోగశాల ఉన్న సుగంధద్రవ్యాల బోర్డు. 1986 నాటి దాని చట్టంలోనే సాగుదారులకు, ఎగుమతిదారులకు, పండించే రాష్ట్రాలకు సభ్యత్వాలు ఉన్నాయి. బ్రస్సెల్స్‌లో ఎవరి మనిషి ఉన్నాడని ఇంతసేపు వాదించాం. కొచ్చిలో మిరప రైతు మనిషి ఎవరో పర్చూరులో ఎంతమంది చెప్పగలరు?

వ్యాపారి: అది చెప్పగలిగినవాళ్లు యార్డులోనూ తక్కువే.

సంవాదం ముగింపులో ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన చోటు ఇది, తక్షణం పని జరగవలసిన చోటు కూడా ఇదే. యూనియన్ కొత్త పరిమితి ప్రతిపాదించిన సమాచారం 60 రోజుల గడువు ముగిశాక, సరుకు రేవులో ఆగాక, ధర పడిపోయాక ఎగుమతిదారు నోట రైతుకు చేరుతున్నంతకాలం ఆ గడువుకు ఈ నేలమీద అర్థం లేదు. సుగంధద్రవ్యాల బోర్డు, రాష్ట్ర వ్యవసాయ, ఉద్యాన శాఖలు ఆ ప్రతిపాదనలను వెలువడిన వారంలోనే తెలుగులో రైతు సేవా కేంద్రాలకు పంపాలి; ఏ మందు కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో మిరప నారు పోయకముందే పట్టిక వేసి గోడమీద అంటించాలి; బోర్డులోని సాగుదారుల స్థానంలో గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మిరప రైతు ఒకరు తప్పనిసరిగా ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి.